కంటి వరస, నోటి వరస: లినక్స్‌తో ఏడు వారాలు

అక్టోబరు 12, 2025, ఆదివారం

తెలుగు పుస్తకాలు టైప్ చేయడం, ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టి ప్రెస్సుకి పీడీఎఫ్ ఇవ్వడం నా పని. తెనాలిలో ఇంట్లోనే కూర్చుని చేస్తాను. పుస్తకాలు ఎక్కువగా విజయవాడ నుంచి వస్తాయి. 2016లో కొన్న లాప్‌టాపే ఇప్పటికీ అన్నం పెడుతోంది.

ఎల్లుండి 14వ తేదీతో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోతున్నాయి. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరం నుంచి ఉండాలి. నాది ఐదో తరం ఐ3. ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలుంది గానీ, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే గుమ్మం ముందు నిలబడాలి. లాప్‌టాప్‌కి జబ్బేమీ లేదు. కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోయాయి, బ్యాటరీ నిలవదు, అంతే. బాగా పనిచేసే వస్తువుని పాతసామాన్ల వాడికి వెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

అందుకని ఈ ప్రాజెక్టు. నవంబరు నెలాఖరు దాకా పనీ, పాటలూ, సినిమాలూ అన్నీ లినక్స్ మింట్ మీదే. విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఈలోగా 212 పేజీల కథల సంపుటం ఒకటి గడువుకి ఇవ్వాలి. ఏళ్లుగా వాయిదా వేస్తూ వచ్చిన నాన్న కేసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించే పని కూడా చేయాలి.

వీటికంటే పెద్ద భయం ఒకటుంది. 2011 నుంచి నేను చేసిన పుస్తకాల్లో చాలా భాగం యూనికోడ్ (ప్రతి అక్షరానికీ సొంత నంబరిచ్చే పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లతో టైప్ చేయించే ప్రోగ్రాము విండోస్‌లోనే నడుస్తుంది. పద్నాలుగేళ్ల పని ఒక్క ప్రోగ్రాము చేతిలో తాళం పడి ఉంది. లినక్స్‌కి వెళ్లడమంటే ముందు ఆ తాళం సంగతి తేల్చుకోవాలి.

అక్టోబరు 13, రాత్రి

కొత్తగా 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) పెట్టించాను, ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేయించాను. రెండూ కలిపి నాలుగువేల లోపే అయింది. పాత హార్డ్ డిస్కుని తీసి యూఎస్‌బీ కేసులో బిగించాను. దాని మీద విండోస్, నా ఫైళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. ఒకే డిస్కులో రెండింటినీ సర్దే పద్ధతి కూడా ఉంది, కానీ పార్టిషన్ల దగ్గర ఒక్క తప్పు నొక్కు పడితే బతుకుతెరువు పోతుంది. డిస్కు బయట ఉంటే రాత్రి నిద్ర పడుతుంది.

మింట్ 22.2 తీసుకున్నాను. దీని పేరు జారా, ఉబుంటు 24.04 మీద కట్టారు, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. సినమన్ అనే డెస్క్‌టాప్ ఎంచుకున్నాను. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం. ఇంట్లోవాళ్లకి కొత్తగా నేర్పాల్సింది ఉండదు. ఫైలు మూడు జీబీలకి కాస్త తక్కువ. దించుకున్నాక, వాళ్లిచ్చిన చెక్‌సమ్ అంకెతో సరిచూశాను. మొదటిసారి సరిపోలేదు, డౌన్‌లోడ్ మధ్యలో తెగిందన్నమాట. మళ్లీ దించితే సరిపోయింది. ఈ చిన్న పని మానేసి ఉంటే, ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోయినప్పుడు కారణం తెలియక తల పట్టుకునేదాన్ని.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ మొత్తం వచ్చింది. సౌండ్ ఉంది, టచ్‌ప్యాడ్ ఉంది, వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయి. వైఫై మాత్రం లేదు. దానికి విడిగా డ్రైవరు కావాలి, డ్రైవరు దించాలంటే ఇంటర్నెట్ కావాలి. కాసేపు టెన్షన్ పడ్డాను. మా అన్నయ్య కొడుకు గుంటూరులో బీటెక్ చదువుతున్నాడు. వాడికి ఫోన్ చేస్తే, "అత్తా, ఫోన్‌ని కేబులుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి" అన్నాడు. అంతే, మరుక్షణం నెట్ వచ్చింది. డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావాల్సిన డ్రైవరు తానే చూపించింది. ఒక్క నొక్కు, ఒక రీస్టార్ట్. ఈ దారిలో వచ్చేవాళ్లు ముందుగా ఒక మంచి డేటా కేబుల్ దగ్గర పెట్టుకోండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే లాభం లేదు.

ఇన్‌స్టాల్‌కి పావుగంట పట్టింది. ఇదివరకు బటన్ నొక్కి, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేదాన్ని. ఇప్పుడు అరనిమిషం లోపే పనికి సిద్ధం. ఇందులో ఎస్‌ఎస్‌డీ వాటా ఎక్కువ, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

అక్టోబరు 15

ఈ రోజంతా కీబోర్డుతోనే గడిచింది.

నేను ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో కొడతాను. కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ల దగ్గర తెలుగు చేర్చితే అదే ఇన్‌స్క్రిప్ట్, ఇంకేమీ దించుకోనక్కర్లేదు. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లకీ, యాపిల్ కీబోర్డుకి అలవాటుపడ్డవాళ్లకీ ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలు ఉన్నాయి. మొదటి పేజీ కొట్టి చూశాను. వేళ్లు తడబడలేదు.

మూడో పేరాలో ఆగిపోయాను. "సాఫ్ట్‌వేర్" అని రావాల్సింది "సాఫ్ట్వేర్" అని వచ్చింది. "విజయ్‌కుమార్" కాస్తా "విజయ్కుమార్" అయింది. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనిపించని అక్షరం ఒకటుంది. ఇంగ్లీషులో దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వెడల్పు లేని అడ్డుగోడ అనుకోండి. ఇవాళ్టి తెలుగులో ఇంగ్లీషు మాటలు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రాయాలంటే పేజీకి ఇరవైసార్లయినా అది కావాలి. విండోస్‌లో నా చేతికి అలవాటైన మీటల జత ఇక్కడ పలకలేదు.

కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని యూ నొక్కి, 200సి అని కొట్టి ఎంటర్ నొక్కితే వస్తుంది. ఒకసారికైతే ఫర్వాలేదు, పేజీకి ఇరవైసార్లంటే అయ్యే పని కాదు. సెట్టింగుల్లో వెతగ్గా వెతగ్గా కీబోర్డు లేఅవుట్ల కిందే ఆప్షన్లు అనే బటన్, దాంట్లో స్పేస్ మీట గురించి ఒక వరస కనిపించాయి. అందులో ఈ అడ్డుగోడని రెండో స్థాయిలో పెట్టే ఎంపిక ఉంది. రెండో స్థాయి అంటే షిఫ్ట్. అది ఎంచుకున్నాక షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే చాలు. "సాఫ్ట్", షిఫ్ట్-స్పేస్, "వేర్". బొటనవేలు కదిలినంత తేలిక. విండోస్‌లో నాకున్న పద్ధతికంటే ఇదే బాగుంది. అది పెట్టిన మనిషెవరో గానీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అక్టోబరు 18, 19

ప్రచురణకర్త పంపిన వర్డ్ ఫైలు లిబ్రే ఆఫీసులో తెరిచాను. వర్డ్ లాంటి పనులకి ఉచితంగా దొరికే ప్రోగ్రాము అది. తెరుచుకుంది, అక్షరం పోలేదు. కానీ 212 పేజీలు 224 అయ్యాయి. కారణం ఫాంటు. వాళ్లు వాడిన గౌతమి విండోస్‌తో వచ్చే ఫాంటు. నా దగ్గర లేదు కాబట్టి ఇంకో ఫాంటు వచ్చి కూర్చుంది, దాని కొలతలు వేరు. పేజీలు నేనెలాగూ మళ్లీ కట్టాలి కనక ఇది కష్టం కాదు. అయితే సరిచూసి వెనక్కి పంపాల్సిన ఫైలులో పేజీ నంబర్లు చెప్పుకుంటూ ఫోన్లో మాట్లాడితే గందరగోళమే. పేజీ నంబరు బదులు కథ పేరు, పేరా సంఖ్య చెప్పుకోవాలని అనుకున్నాం.

ఫాంట్ల విషయంలో మాత్రం చేతినిండా ఉన్నాయి. మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న, గిడుగు, పెద్దన, తిమ్మన, ధూర్జటి... పేర్లు చదువుతుంటేనే ముచ్చటేస్తుంది. అన్నీ ఉచితం, ఎక్కడైనా వాడుకోవచ్చు, పుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు. దేశికాచార్యులుగారు చేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా ప్యాకేజీగా దొరుకుతాయి. కథల సంపుటానికి లోపలి అక్షరం మండలి, శీర్షికలకి రామభద్ర అని ఖాయం చేశాను.

లిబ్రే ఆఫీసులో తెలుగు రాసేవాళ్లు మొదటే చేయాల్సిన పని ఒకటుంది. ఆప్షన్లలో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి టిక్కు పెట్టాలి. అప్పుడు తెలుగుకి ఒక ఫాంటు, ఇంగ్లీషు అక్షరాలకీ అంకెలకీ ఇంకో ఫాంటు విడివిడిగా పెట్టుకోవచ్చు. ఇది తెలియక, "తెలుగు సైజు పెంచుతుంటే పెరగడం లేదేమిటి" అని ఒక గంట పోగొట్టుకున్నాను. స్టైల్స్‌లో రెండు సైజులూ ఒకేచోట పెట్టేశాక పేచీ లేదు. తెలుగు స్పెల్ చెకర్ కూడా పెట్టి చూశాను. "వెళ్లిపోతున్నప్పటికీ" లాంటి మాట కనిపిస్తే చాలు, ఎర్రగీత గీస్తోంది. మన మాటకి ప్రత్యయాలు రైలుపెట్టెల్లా తగులుకుంటూ పోతాయి, నిఘంటువులో ఎన్నని పెడతారు. ప్రస్తుతానికి ఆపేశాను.

అక్టోబరు 20, దీపావళి

పండగపూట పని లేదు. లాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబులుతో టీవీకి కలిపాను. బొమ్మ వచ్చింది, మాట లాప్‌టాప్‌లోనే వినిపించింది. కింద స్పీకరు గుర్తు మీద కుడి క్లిక్ చేసి అవుట్‌పుట్‌లో హెచ్‌డీఎంఐ ఎంచుకుంటే సరి.

అమ్మ తన పెన్‌డ్రైవ్‌లోని పాత సినిమాలు వరసగా పెట్టించుకుంది. ఏ రకం ఫైలైనా వీఎల్‌సీ కాదనలేదు. యూట్యూబులో పాటలు, ప్రవచనాలు ఫైర్‌ఫాక్స్‌లో మామూలుగానే వస్తున్నాయి. మా అబ్బాయి సూపర్‌టక్స్‌కార్ట్ అనే కారు పందేల ఆట దించుకున్నాడు. ఇంత పాత లాప్‌టాప్‌లోనూ గ్రాఫిక్స్ తగ్గించి పెడితే తడబడకుండా నడుస్తోంది. ప్రకటనలు లేవు, "వజ్రాలు కొనుక్కో" అని అడిగే గోల లేదు. తల్లిగా నాకు అది పెద్ద నిశ్చింత.

ఓటీటీ దగ్గర మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. మేం చందా కట్టే ఓటీటీలో సినిమా వస్తోంది గానీ, టీవీ మీద చూస్తే మసకగా ఉంది. ఈ సంస్థలు సినిమాని తాళం వేసి పంపుతాయి. ఆ తాళం తీసే వైడ్‌వైన్ అనే భాగం లినక్స్ బ్రౌజర్లలో సాఫ్ట్‌వేర్‌గా మాత్రమే నడుస్తుంది. హార్డ్‌వేర్ భద్రత లేని చోటికి హెచ్‌డీ నాణ్యత పంపకూడదని చాలా సంస్థల నియమం. నేను ఏ సెట్టింగు మార్చినా ఇది మారదు. అమ్మకి టీవీలోనే ఆ యాప్ పెట్టిచ్చాను. కొత్త సినిమాలు హెచ్‌డీలో లాప్‌టాప్ మీదే చూడాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుని రావాలి.

అక్టోబరు 23

ప్రింటర్. ప్రూఫు కాగితం మీద చూస్తే తప్ప నాకు తప్పులు పట్టుబడవు. నాది పాత లేజర్ ప్రింటర్, కంపెనీ పేరు ఎందుకులెండి. వాళ్లిచ్చిన లినక్స్ డ్రైవరు ఎప్పటిదో. ఇన్‌స్టాల్ అయినట్టే అయి, ప్రింటు ఇస్తే వరసలో నిలబెడుతోంది తప్ప కాగితం లాగడం లేదు. మూడు రాత్రులు దీనికే పోయాయి. పగలు పెన్‌డ్రైవ్ పట్టుకుని జిరాక్స్ షాపుకి నడిచాను.

నాలుగో రోజు దారి దొరికింది. ఆ ప్రింటరుతో కంప్యూటరు మాట్లాడే తీరు గమనించి ఎవరో ఒక ప్రోగ్రామర్ సొంతంగా డ్రైవరు రాసి అందరికీ పెట్టాడు. మేనల్లుడు ఫోన్లో ఒక్కో వరస చెబుతుంటే టెర్మినల్‌లో కొట్టాను. నల్ల తెర అంటే ఉన్న బెరుకు ఆ గంటలో సగం పోయింది. ప్రింటర్ గుర్రుమని కాగితం లాగింది. టోనర్ నాణ్యతలో తేడా లేదు.

కొత్తగా ప్రింటర్ కొనేవాళ్లకి ఒక మాట. డ్రైవరు అక్కర్లేకుండా ఐపీపీ పద్ధతిలో నడిచే ప్రింటర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, అలాంటిది చూసి కొనండి. మా పక్కింటివాళ్ల వైఫై ప్రింటర్ ఏమీ చేయకుండానే నా మెనూలో కనిపించింది.

అక్టోబరు 28, 29

మొంథా తుఫాను. మంగళవారం పగలంతా గాలీ వానా. రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు సాయంత్రమే కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, కరెంటు పోతే టక్కున ఆరిపోతుంది. తొమ్మిదో కథ మధ్యలో ఉన్నాను.

బుధవారం కరెంటు వచ్చాక గుండె దడదడలాడుతూ ఆన్ చేశాను. మామూలుగానే లేచింది. డిస్కులో ఫైళ్లని సర్దే ఈ ఎక్స్‌ట్‌4 ఫైల్ సిస్టమ్ చేయబోయే పనిని ముందు చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తుందట. మధ్యలో ఆగితే చిట్టా చూసుకుని సర్దుకుంటుంది. లిబ్రే ఆఫీసు తెరవగానే "పోయిన ఫైలు తిరిగి తీసుకోనా" అని అడిగింది. చివరి రెండు పేరాలు పోయాయి. ఆటోరికవరీ పది నిమిషాలకొకసారి ఉంది, మూడు నిమిషాలకి మార్చాను. టైమ్‌షిఫ్ట్ కూడా ఆ రోజే అమర్చాను. అది సిస్టమ్‌ని రోజువారీగా ఫోటో తీసినట్టు దాచిపెడుతుంది. నా ఫైళ్లని మాత్రం దాచదు. వాటికి వేరే కాపీ ఉండాల్సిందే. ఈ రెండింటికీ తేడా తెలియక నష్టపోయినవాళ్ల సంగతులు విన్నాను.

నవంబరు 2 నుంచి 9 దాకా

కథల సంపుటం ఒక కొలిక్కి వచ్చింది కనక అసలు తాళం దగ్గరికి వచ్చాను.

పాత హార్డ్ డిస్కు కలిపితే చదవడానికి మాత్రమే తెరుచుకుంది, రాయనివ్వలేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే డిస్కుని సగం నిద్రలో వదిలేస్తుంది, అందుకని లినక్స్ జాగ్రత్తపడుతుంది. నాకు కావాల్సింది కాపీ చేసుకోవడమే. అసలు ఫైళ్ల మీద పొరపాటున చెయ్యి పడదు కనక అదీ మంచిదే అనుకున్నాను.

పేజీలు కట్టడానికి ఇదివరకు వాడిన పేజ్‌మేకర్ ఫైళ్లని లిబ్రే ఆఫీసులోని డ్రా తెరుస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. అన్నీ కాదు గానీ చాలా మటుకు తెరిచింది. లోపలున్నది మాత్రం తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలు, చిత్రమైన గుర్తుల పోగు. పాత ఫాంట్లు చేసిన పని అది. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో మన అక్షరాల ముక్కలు పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో కొమ్ము, ఇంకో గడిలో త-వత్తు. ఫాంటు ఉన్నంతవరకూ కంటికి తెలుగే. ఫాంటు తీసేస్తే ఏమీ కాదు. యూనికోడ్‌లో అలా కాదు, "క"కి 0సి15 అనే సొంత నంబరు ఉంది. ఏ ఫాంటు వేసినా, ఏ దేశంలో తెరిచినా అది "క"యే. తెలుగు యూనికోడ్ మొదటి ప్రతిలోనే, 1991లోనే చేరింది. హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ సంగతి లోకానికి చెప్పిందీ అదే ఏడాది. నేనేమో ఆ తర్వాత ఇరవై ఏళ్లకి కూడా గడుల్లో ముక్కలు పేరుస్తూ ఉన్నాను. ప్రెస్సులు అవే అడిగేవి, అందరం అదే చేశాం.

మేనల్లుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక పట్టిక రాసుకొచ్చాడు. ఏ గుర్తుకి ఏ తెలుగు ముక్క అన్నది నేను చెబుతుంటే వాడు నింపాడు. మూడువందల పైచిలుకు వరసలు. ఆదివారం మధ్యాహ్నం మొదటి ఫైలు నడిపాం. తెలుగు వచ్చింది! పేజీ మొత్తం తెలుగు! కానీ దగ్గరికి వెళ్లి చదివితే "వస్తే" అని ఉండాల్సిన చోట "వసే్త" అని ఉంది. "చేస్తే" "చేసే్త" అయింది. "స్త్రీ" అయితే చూడలేకపోయాను. ఇలాంటి విరిగిన మాటలు ఇంటర్నెట్‌లో పాత తెలుగు వార్తల్లో మీరూ చూసే ఉంటారు.

నాన్న వెనక నిలబడి చూస్తున్నారు. ఆయన ముప్పై ఏళ్లు ప్రెస్సులో కంపోజిటరుగా చేశారు. సీసపు అక్షరాల కేసు ముందు నిలబడి, స్టిక్కు ఎడంచేత్తో పట్టుకుని, ఒక్కో అక్షరం ఏరి పేర్చిన మనిషి. కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగారు.

"అమ్మాయ్, ఇది మేం సీసంలో పెట్టిన వరసే కదా" అన్నారు. "స కి ఏత్వం పోతపోసి ఒకటే అక్షరంగా వచ్చేది. సే పెట్టి, దాని పక్కన త-వత్తు పెట్టేవాళ్లం. కంటికి కనపడే వరస అది. నోటితో పలికేటప్పుడు స, త, ఆ తర్వాతే ఏ. నీ మిషనుకి నోటి వరస కావాలి కాబోలు."

మేనల్లుడూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. అదే అసలు సంగతి. పాత ఫాంట్లు సీసం అలవాటునే కంప్యూటర్లోకి తెచ్చాయి. యూనికోడ్, ఇన్‌స్క్రిప్ట్ రెండూ పలికే వరసలో నడుస్తాయి: స, పొల్లు, త, చివర ఏత్వం. లిబ్రే ఆఫీసులో వెతికి మార్చే చోట రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల సౌకర్యం ఉంది. గుణింతపు గుర్తు, దాని వెనకే పొల్లూ హల్లూ వస్తే, ఆ రెండింటి స్థానం తారుమారు చెయ్యమని ఒక్క వరస రాశాం. 1,846 చోట్ల మార్చింది. "వస్తే" వచ్చింది. "స్త్రీ" ఇంకా రాలేదు, ఎందుకంటే దానికి రెండు వత్తులు. నాన్నే చెప్పారు, "రెండోసారి తిప్పు" అని. తిప్పాం. వచ్చింది.

ఆ సాయంత్రం నాన్న కుర్చీ తెచ్చుకుని నా పక్కనే కూర్చున్నారు. మార్చిన పేజీలు ఆయన చదువుతుంటే నేను దిద్దాను. ఇంకా మిగిలిన తప్పులన్నీ ఆయన కంటికే పడ్డాయి. "ఘ" ఉండాల్సిన చోట ముక్కలు విడిపోవడం, "య్య" దగ్గర కొమ్ము ఎక్కువ పడటం. పట్టికలో వాటికి విడిగా వరసలు చేర్చాం. వారంలో పదకొండు పుస్తకాలు విడుదలయ్యాయి. విడుదల అనే మాట తెలిసే వాడుతున్నాను.

తెర మీద ఆ వరసని మళ్లీ అందమైన వత్తులుగా కట్టేది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్. లిబ్రే ఆఫీసులో, ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో అంతటా అదే. పేరు పారసీ మాటల నుంచి పెట్టారు. అదీ ఓపెన్ సోర్సే. నోటి వరసని కంటి వరసగా మార్చే ఈ పనిని కంపోజిటర్లు చేత్తో చేసేవారు. నాన్నకి అలాగే చెప్పాను. చాలాసేపు తెర వైపే చూస్తూ ఉండిపోయారు.

నవంబరు 16

కేసెట్లు. నాన్న విజయవాడ రేడియో నుంచి రికార్డు చేసుకున్న హరికథలు, నాటకాలు. మొత్తం 23. లాప్‌టాప్‌కి ఉన్న ఒకే జాక్ ఇయర్‌ఫోన్లది, కేసెట్ ప్లేయర్ నుంచి సరిగ్గా తీసుకోవడం లేదు. చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తెచ్చి గుచ్చితే డ్రైవరు అడగకుండానే పనిచేసింది. ఆడాసిటీ అనే రికార్డింగు ప్రోగ్రాములో మోనోలో రికార్డు చేస్తున్నాను. రేడియో నుంచి తీసిన దానికి స్టీరియో దండగ. 90 నిమిషాల కేసెట్ ఒక పక్క 45 నిమిషాలు, సుమారు 240 ఎంబీ. ఫ్లాక్ అనే ఫైలు రకంలో దాచితే దానికంటే బాగా తగ్గుతుంది, నాణ్యత పోదు.

బుస్సుమనే చప్పుడు తీయడానికి మాట మొదలవకముందున్న నాలుగైదు సెకన్లు ఎంచి, ఆ బుస్సు నమూనా ఆడాసిటీకి చూపించి, మొత్తం మీద తగ్గించమనాలి. మొదటిసారి ఎక్కువ తగ్గించాను. హరిదాసుగారి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టయింది, చిడతల మోత చచ్చిపోయింది. నాన్న వెంటనే "వద్దమ్మా, గరగర ఉంటే ఉండనీ" అన్నారు. ఆరు డెసిబెళ్లకి ఆపాను. ఒక కేసెట్‌లో టేపు ముడతపడి ఉంది, పెన్సిలుతో మెల్లగా తిప్పి సరిచేశాను. ఒక చోట కథ మధ్యలో మా నాయనమ్మ "భోజనానికి రారా" అని పిలిచిన పిలుపు పడింది. రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి చేసిన రికార్డింగులాగుంది. నాన్న ఆ ముక్క మూడుసార్లు వేయించుకున్నారు. ఆ చోటు నేను ముట్టుకోలేదు.

నవంబరు 22

నాన్నకి వేరే ఖాతా తెరిచి భాష తెలుగు పెట్టాను. అన్నీ తెలుగులో రావు, కొన్ని మెనూలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగు చేసినవి చదువుతూ ఆయన "దస్త్రం" దగ్గర ఆగి, "కరణంగారి దస్త్రం! మా చిన్నప్పటి మాట" అని సంతోషపడ్డారు. ఈ అనువాదాలు ఏళ్ల తరబడి జీతం లేకుండా చేసినవాళ్లు ఉన్నారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థవాళ్లు పూర్తిగా తెలుగులో కనిపించే లినక్స్‌నే తయారుచేశారు. నాకు వీలున్నప్పుడు మింట్‌లో మిగిలిన మాటలు కొన్ని నేనూ తెలుగు చేద్దామని పేరు నమోదు చేసుకున్నాను. మాటలు దిద్దడం నాకు వచ్చిన పనే కదా.

నవంబరు 26

పుస్తకం ఇచ్చేశాను. లోపలి పేజీలు లిబ్రే ఆఫీసు నుంచి, కవరు స్క్రైబస్ 1.6 అనే పేజీలు కట్టే ప్రోగ్రాము నుంచి. పాత స్క్రైబస్‌లో తెలుగు వత్తులు విడిపోయేవి. ఇప్పుడు అందులోనూ అక్షరాలు కట్టేది హార్ఫ్‌బజ్‌యే కాబట్టి ఆ బాధ లేదు, కవరుకి కావాల్సిన సీఎంవైకే (అచ్చులో వాడే నాలుగు సిరాల) రంగులూ అందులో వస్తాయి. పంపేముందు పీడీఎఫ్ తెరిచి ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా చూసుకున్నాను. అన్నీ లోపలే పొదిగి ఉన్నాయి. ప్రెస్సువాళ్లు రెండు సందేహాలు అడిగారు, రెండూ అట్ట మడత కొలత గురించి. ఏ సిస్టమ్‌లో చేశావని ఎవరూ అడగలేదు.

నవంబరు 30

ఏడు వారాల్లో విండోస్ అవసరం రెండుసార్లు పడింది. ఒకటి, డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్‌తో ఒక వెబ్‌సైటులో కాగితం దాఖలు చేయడం. అది పక్క వీధి ఇంటర్నెట్ సెంటర్లో చేయించాను. రెండోది, తెరుచుకోని నాలుగు పేజ్‌మేకర్ ఫైళ్లు. వాటి కోసం పాత డిస్కు అలాగే ఉంచుతున్నాను. అచ్చయిన పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి కాబట్టి వాటిని స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలని గుర్తుపట్టే టెసరాక్ట్ అనే ప్రోగ్రాముతో చదివించి చూస్తున్నాను. 300 డీపీఐలో శుభ్రమైన పేజీ ఇస్తే బాగానే చదువుతోంది. వత్తుల దగ్గర, "ప" "ఫ" దగ్గర పొరపడుతోంది. నాన్న ఎర్రపెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

మార్చాల్సిన పుస్తకాలు ఇంకా ఇరవై ఆరు. కేసెట్లు తొమ్మిది. రేపు సాయంత్రం పదిహేనో కేసెట్ రెండో పక్క.